యూరియా ఎప్పటిలాగే ఉంది: డయాలసిస్ పేషెంట్‌లో చప్పుడు చేయని డెలీరియం, ఒక కేస్ స్టడీ

ఆవిడకు 67 ఏళ్లు. ఇరవై ఏళ్లకు పైగా షుగర్ ఉంది. మూడేళ్లుగా వారానికి మూడుసార్లు హీమోడయాలసిస్ చేయించుకుంటున్నారు. యూరిన్ దాదాపు రాదు. లెక్కల టీచర్‌గా పనిచేసి రిటైరయ్యారు. మా యూనిట్‌లో ఆవిడ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఒక చిన్న నోట్‌బుక్. ప్రతి డయాలసిస్‌కూ ముందు బరువు, తర్వాత బరువు, రెండింటి తేడా తన చేత్తోనే రాసుకుంటారు. అంకెలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 54.5 కిలోలు. ఒకసారి టెక్నీషియన్ 2.6 లీటర్లు తీయడానికి మిషన్ సెట్ చేస్తుంటే, "2.4 చాలు, ఇంకోసారి లెక్క చూసుకో నాయనా" అన్నారు. చూస్తే ఆవిడ లెక్కే సరిపోయింది.

ఆవిడను గుర్తుపట్టే వీలున్న వివరాలు ఇక్కడ మార్చాను. జబ్బు నడిచిన తీరు, మేం చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నాలుగు రోజులు

అడ్మిషన్‌కు రెండు నెలల ముందు, డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మూసుకుపోయింది. కొత్త ఫిస్టులా సిద్ధమయ్యేదాకా మెడ దగ్గర టనల్డ్ కేథటర్ (చర్మం కింది నుంచి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) పెట్టాం. పన్నెండు రోజుల ముందు, రాత్రిళ్లు పాదాల మంటలతో నిద్ర పట్టడం లేదని వేరే క్లినిక్‌లో చూపించుకుంటే గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు రాశారు. ఆ సంగతి మాకు తెలియదు. మేం అడగలేదు. మందు మొదలుపెట్టాక రాత్రి నిద్ర పట్టింది, పగలు కూడా కునుకు తీయడం మొదలైంది. ఎన్నాళ్లకో హాయిగా పడుకుంటోంది కదా అని ఇంట్లోవాళ్లు సంతోషించారు.

శుక్రవారం డయాలసిస్ మొదలైన రెండు గంటలకు చలి, వణుకు, 102.4 జ్వరం వచ్చాయి. బీపీ 92/54. మిషన్ ఆపి, కేథటర్ నుంచీ చేతి నరం నుంచీ బ్లడ్ కల్చర్లు తీసి వార్డుకు పంపాం. కేథటర్ ఇన్‌ఫెక్షన్ అనుకుని వాంకోమైసిన్, సెఫిపైమ్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టారు. ఆ పరిస్థితిలో ఈ రెండు మందులూ సరైనవే. సెఫిపైమ్ డోసు మాత్రం 1 గ్రాము పన్నెండు గంటలకోసారి అని ఎక్కింది. కిడ్నీలు పనిచేసే మనిషికి రాసే డోసు అది.

శని, ఆదివారాల్లో జ్వరం తగ్గింది. ఆదివారం సాయంత్రానికి కల్చర్ రిపోర్టు వచ్చింది: మామూలు మందులకు లొంగే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఆ రిపోర్టు చూసిన గంటలోనే సెఫిపైమ్ ఆపేసి ఉండవచ్చు. రిపోర్టు కంప్యూటర్‌లో ఉండిపోయింది. జ్వరం తగ్గిన పేషెంట్ మందుల చార్టు ఎవరూ తిరగేయలేదు.

సోమవారం డయాలసిస్ జరగాలి. బీపీ తక్కువగా ఉంది, పొటాషియం 4.9, ఊపిరితిత్తుల్లో నీరు లేదు. ఒక రోజు వాయిదా వేయవచ్చని నేనే చెప్పాను. ఆ ఉదయం మంచం దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డాను. ఆవిడ కళ్లు మూసుకుని ఉన్నారు, పిలిస్తే "ఊఁ" అన్నారు. కేస్ షీట్‌లో "యురీమిక్ ఎన్‌సెఫలోపతి కావచ్చు, రేపు డయాలసిస్" అని, అంటే రక్తంలో పేరుకున్న యూరియా లాంటి మలినాల వల్ల మెదడు మందగించిందేమో అని, రాసి వెళ్లిపోయాను. నర్సుల నోట్సులో రెండు రోజులుగా ఒకటే వాక్యం: "పేషెంట్ ప్రశాంతంగా నిద్రపోతున్నారు."

పక్కనే కూర్చున్న కూతురు ఆ రోజు నన్ను ఆపి, "డాక్టర్ గారూ, మా అమ్మ ఇలా ఉండదు. నిన్న నన్ను మా పిన్ని పేరుతో పిలిచింది" అంది. "ఇన్‌ఫెక్షన్ కదమ్మా, నీరసంగా ఉంటారు" అన్నాను. డెలీరియం (జబ్బు వల్లో మందుల వల్లో హఠాత్తుగా వచ్చే తికమక) గురించి చదివే ప్రతి పుస్తకంలోనూ ఇంట్లోవాళ్ల మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఉంటుంది. నాకు తెలుసు. తెలిసీ దాటేశాను.

మంగళవారం ఉదయం

తొమ్మిదింటికి యూనిట్‌కు తీసుకొచ్చారు. బెడ్ స్కేల్ మీద 57.1 కిలోలు. టెక్నీషియన్ అలవాటు ప్రకారం నోట్‌బుక్ తెరిచి, పెన్ను చేతికిచ్చి, "అమ్మా, 57.1 రాసుకోండి" అన్నాడు. ఐదు నిమిషాల తర్వాత నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఆ నోట్‌బుక్.

57 అని మొదలైంది. దాని పక్కన 57, కింద 57, ఇంకా కింద 57. గీత మీద మొదలైన అంకెలు ఒక్కో వరుసకూ కిందికి జారుతూ, పెద్దవవుతూ, పేజీ అంచు దాటి దుప్పటి మీదికి పోయాయి. చివరి ఏడుకు తోక కూడా లేదు, ఒక గీత మాత్రమే. ఎదురు పేజీలో పోయిన బుధవారం రాసిన అంకెలు ఉన్నాయి, అచ్చు గుద్దినట్టు.

వెంటనే వెళ్లి మొదటిసారిగా సరిగ్గా పరీక్ష చేశాను. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచారు, మాట పూర్తయ్యేలోపు మళ్లీ మూసుకున్నారు. పుట్టిన తేదీ చెప్పగలిగారు. వయసు, ఉన్న చోటు, సంవత్సరం మూడూ తప్పు. నెలల పేర్లు వెనక్కి చెప్పమంటే, "డిసెంబర్, నవంబర్, నవంబర్, నవంబర్" అని అక్కడే ఆగిపోయారు. పెదవుల చివర, వేళ్లలో చిన్న చిన్న అదురులు. చేతులు ముందుకు చాపి మణికట్టు పైకి ఎత్తమంటే అరచేతులు పక్షి రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయి. మెడ బిగుసుకోలేదు, చెయ్యీ కాలూ రెండు వైపులా సమానంగా కదులుతున్నాయి.

డెలీరియం కోసం మంచం పక్కన వాడే పరీక్షలు చాలానే ఉన్నాయి. షారన్ ఇనౌయే బృందం 1990లో ప్రచురించిన క్యామ్ వాటిలో బాగా పేరున్నది. మేం వాడింది 4ఏటీ. రెండు నిమిషాల పని, ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. మెలకువ ఎలా ఉంది, వయసు, పుట్టిన తేదీ, స్థలం, సంవత్సరం చెప్పగలరా, నెలలు వెనక్కి చెప్పగలరా, ఈ మార్పు ఈమధ్య హఠాత్తుగా వచ్చి, హెచ్చుతగ్గులతో నడుస్తోందా, ఇంతే. 12కి 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డెలీరియం ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు. ఆవిడకు 11 వచ్చింది. ఆదివారం చేసినా 4 దాటేదని ఇప్పుడు నాకు నమ్మకం.

తెలుగులో పాతకాలం నుంచీ దీనికి ఒక మాట ఉంది, సంధి ప్రేలాపన. జ్వర తీవ్రతలో పేషెంట్ లేచి కూర్చుని లేనివాళ్లతో మాట్లాడటం, పక్క బట్టలు లాగడం, అరవడం ఆ మాటలో ఉన్నాయి. నిశ్శబ్దంగా పడుకుని, పిలిస్తే పలికి, మళ్లీ లోపలికి జారిపోయేవాళ్లకు మాత్రం ఆ మాట సరిపోదు. వైద్యంలో దీన్ని హైపోయాక్టివ్ డెలీరియం అంటారు. అరిచే పేషెంట్ కోసం డాక్టరును అర్ధరాత్రి నిద్ర లేపుతారు. ఇలాంటివాళ్లు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి "ప్రశాంతంగా ఉన్నారు" అనే వాక్యం కిందే రోజులు గడిచిపోతాయి. డయాలసిస్ వార్డులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నాలుగు గంటల డయాలసిస్ తర్వాత అలసిపోయి నిద్రపోవడం మామూలే కాబట్టి, మత్తును మనం మామూలు విషయంగా చూడటానికి అలవాటుపడిపోయాం.

యూరియా మీద అనుమానం ఎందుకు పోయింది

రక్తపరీక్షలు వచ్చాయి. యూరియా 124. పాత రిపోర్టులు తీశాను. మూడేళ్లుగా డయాలసిస్‌కు ముందు ఆవిడ యూరియా 115 నుంచి 130 మధ్యే ఉంది. అదే 124తో రెండు వారాల కిందట నడుచుకుంటూ వచ్చి, టెక్నీషియన్ లెక్క సరిదిద్దారు. ఎప్పుడూ ఉండే యూరియా ఇవాళ కొత్తగా మెదడును ఎందుకు పట్టుకుంటుంది? ఈ ప్రశ్న సోమవారమే వేసుకోవాల్సింది. క్రమం తప్పకుండా డయాలసిస్ జరుగుతున్న మనిషికి హఠాత్తుగా తికమక వస్తే, యురీమియా అనేది మిగతావన్నీ తోసిపుచ్చాక మిగిలే కారణం. మొదట రాయాల్సింది కాదు.

తోసిపుచ్చాల్సినవి చకచకా చూశాం. షుగర్ 118. ఇది అన్నిటికంటే ముందు చూడాలి. కిడ్నీలు పోయినవాళ్లలో ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు ఉంటుంది, షుగర్ పడిపోయి మత్తుగా ఉన్న పేషెంట్‌ను యూరియా అనుకుని వదిలేస్తే నష్టం గంటల్లోనే జరిగిపోతుంది. సోడియం 133, కాల్షియం 9.0, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగలేదు. తలకు సీటీ తీయించాం. డయాలసిస్‌లో ప్రతిసారీ రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వెళ్తుంది, చిన్న దెబ్బకు కూడా పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరవచ్చు. రక్తస్రావం లేదు, వయసుకూ షుగర్‌కూ తగ్గ పాత మార్పులే ఉన్నాయి. నీటిలో కరిగే విటమిన్లు డయాలసిస్‌లో పోతాయి, నాలుగు రోజులుగా సరిగ్గా తినలేదు కూడా. అందుకని థయమిన్ (విటమిన్ బి1) ఇంజక్షన్ ఇచ్చాం. డిసీక్విలిబ్రియం అనేది ఎక్కువగా మొదటి డయాలసిస్‌లలో, యూరియా విపరీతంగా ఉన్నప్పుడు ఒక్కసారిగా తగ్గిస్తే మెదడు వాచి వచ్చే సమస్య. శుక్రవారం తర్వాత డయాలసిస్సే జరగలేదు కాబట్టి అది కాదు.

ఇక మిగిలింది మందుల చార్టు. పెన్ను పట్టుకుని ఒక్కో డోసూ లెక్కపెట్టాను. శుక్రవారం సాయంత్రం నుంచి మంగళవారం ఉదయం దాకా ఎనిమిది డోసులు, మొత్తం 8 గ్రాముల సెఫిపైమ్. డయాలసిస్ పేషెంట్‌కు తయారీదారు చెప్పే మామూలు డోసు మొదటి రోజు 1 గ్రాము, తర్వాత రోజుకు 500 మిల్లీగ్రాములు. అలా అయితే అప్పటికి రెండున్నర గ్రాములు వెళ్లి ఉండేవి. మూడు రెట్లు దాటింది.

ఈ మందులో ఎక్కువ భాగం రూపం మారకుండా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు బాగున్న మనిషిలో దాని అర్ధాయువు, అంటే రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం, దాదాపు 2 గంటలు. హీమోడయాలసిస్ మీద ఉన్నవాళ్లలో 13 గంటలకు పైగా. మెదడులో ఉద్రేకాన్ని అణచిపెట్టే గాబా వ్యవస్థకు ఇది అడ్డుపడుతుంది. అందుకే మత్తు, అదురులు, అన్న మాటే మళ్లీ మళ్లీ అనడం, ఒక్కోసారి పైకి కనిపించని ఫిట్స్ వస్తాయి. సాధారణంగా మొదలుపెట్టిన నాలుగో రోజు ప్రాంతంలో బయటపడుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో డోసు తగ్గించకుండా ఇస్తే ఇలాంటి ఫిట్స్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012 జూన్‌లో ప్రత్యేకంగా హెచ్చరించింది. మాకు కొత్త విషయమేమీ కాదు. "నవంబర్, నవంబర్" విన్నప్పుడూ, "57, 57" చూసినప్పుడూ నా మనసులో మెదిలింది ఇదే.

సాయంత్రం ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) మూడు దశలుగా ఎగిసిపడే ట్రైఫేసిక్ తరంగాలు వరసగా కనిపించాయి. ఇవి సెఫిపైమ్‌లోనూ వస్తాయి, యురీమియాలోనూ వస్తాయి, లివర్ ఫెయిలయినప్పుడూ వస్తాయి. ఈఈజీ వల్ల మాకు తెలిసింది స్పష్టమైన స్టేటస్ ఎపిలెప్టికస్, అంటే ఆగకుండా సాగే ఫిట్స్, లేదని. న్యూరాలజిస్ట్ సలహాతో కొన్నాళ్లు ఫిట్స్ రాకుండా లెవెటిరాసిటామ్ తక్కువ డోసులో, డయాలసిస్ అయ్యాక అదనపు డోసు కలిపి ఇచ్చాం.

గాబాపెంటిన్ సంగతి అప్పుడే బయటపడింది. ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మంటే కూతురు సంచి తెచ్చి టేబుల్ మీద బోర్లించింది. అందులో సగం ఖాళీ అయిన స్ట్రిప్పు కనిపించింది. వార్డులో కూడా ఆ డోసే కొనసాగుతోంది. కిడ్నీలు పనిచేసే మనిషిలో గాబాపెంటిన్ అర్ధాయువు 5 నుంచి 7 గంటలు. యూరిన్ రాని మనిషిలో, డయాలసిస్ లేని రోజుల్లో, 132 గంటలు. అంటే ఐదున్నర రోజులు. డయాలసిస్ జరుగుతున్నంతసేపూ అది 4 గంటల లోపుకు పడిపోతుంది. ఇలాంటి పేషెంట్‌కు డయాలసిస్ అయ్యాక 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 300 దగ్గర ఆపాలి. ఆవిడకు వెళ్లింది రోజుకు 900, పదహారు రోజులు. పైగా శుక్రవారం సగం, సోమవారం మొత్తం డయాలసిస్ పోయింది. మందు పోవడానికి ఉన్న ఒక్క దారినీ మేమే మూసేశాం.

కారణం సెఫిపైమా, గాబాపెంటినా, ఇన్‌ఫెక్షనా అని కొందరు జూనియర్లు అడిగారు. ఒక్కటే ఉండాలని లేదు. వయసు, షుగర్‌తో దెబ్బతిన్న చిన్న రక్తనాళాలు, డయాలసిస్‌లో పదేపదే పడిపోయే బీపీ, ఇవన్నీ మూడేళ్లుగా ఆ మెదడు ఓపికను తగ్గిస్తూ వచ్చాయి. ఇన్‌ఫెక్షన్ ఇంకొంత తగ్గించింది. మందులు ఆ చివరి తోపు తోశాయి.

చికిత్స

రెండు మందులూ ఆపేశాం. వాంకోమైసిన్ స్థానంలో సెఫజోలిన్, ప్రతి డయాలసిస్ అయ్యాక మిషన్ దగ్గరే 2 గ్రాములు. అదీ కిడ్నీల ద్వారా పోయే మందే. అయితే వారానికి మూడుసార్లు మా కళ్ల ముందే ఇస్తాం కాబట్టి డోసు పేరుకుపోయే ప్రమాదం తక్కువ.

సీటీ చూశాక ఆ రోజే హెపారిన్ లేకుండా నాలుగు గంటల డయాలసిస్ చేశాం. మూడు గంటల డయాలసిస్‌లో శరీరంలోని సెఫిపైమ్‌లో మూడింట రెండు వంతులు బయటికి వెళ్తుంది. అదనంగా ఉన్న నీరంతా తీసేయాలనే తొందర మాత్రం పడలేదు. డెలీరియంలో ఉన్న మెదడుకు బీపీ పడిపోవడం రెండో దెబ్బ. డయాలిసేట్ (డయాలసిస్ మిషన్‌లో రక్తాన్ని శుభ్రం చేసే ద్రవం) ఉష్ణోగ్రత 36 డిగ్రీలకు తగ్గించి, లీటరు మాత్రమే తీశాం. అది పూర్తయ్యాక ఇన్‌ఫెక్షన్ పట్టిన కేథటర్ తీసేశాం. గురువారం తాత్కాలిక కేథటర్ పెట్టి మళ్లీ డయాలసిస్ చేశాం.

బుధవారం రాత్రి పరిస్థితి తిరగబడింది. పగలంతా నిద్ర, రాత్రి పదకొండుకు ఒక్కసారిగా లేచి సెలైన్ లైను పీకేశారు. గోడ మీద ఎవరో అంకెలు చెరిపేస్తున్నారని ఏడ్చారు. నిశ్శబ్దంగా ఉన్న డెలీరియం ఇలా రెండో రూపంలోకి మారడం తరచూ చూస్తుంటాం. డ్యూటీ డాక్టర్ అలజడి తగ్గించే హాలోపెరిడాల్ ఇవ్వమంటారా అని ఫోన్ చేశాడు. వద్దన్నాను. డయాలసిస్ పేషెంట్‌లో పొటాషియం, కాల్షియం ఎక్కి దిగుతుంటాయి, ఈసీజీలో క్యూటీ వ్యవధి పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఈఈజీ బాగోలేని మెదడులో ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. పైగా అది డెలీరియాన్ని తగ్గించే మందు కాదు. ప్రాణం మీదికి వచ్చేంత అలజడి ఉన్నప్పుడే తక్కువ డోసులో వాడతాం. చేతులు కట్టేయమనీ చెప్పలేదు. కట్టేస్తే భయం పెరుగుతుంది.

కూతుర్ని లోపలికి పంపించాం. కళ్లజోడు పెట్టించాం. అది నాలుగు రోజులుగా బీరువాలో ఉంది. పక్క మంచం మానిటర్ శబ్దం తగ్గించాం, రాత్రి రెండింటికి తీసే రక్తం ఉదయానికి మార్చాం, పగలు కిటికీ పక్కకు జరిపాం. రాత్రంతా కూతురు చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇది ఆస్పత్రి. నేను నీ పక్కనే ఉన్నాను" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. డెలీరియంలో నిజంగా పనిచేసే చికిత్స చాలావరకు ఇదే. కారణాన్ని తీసేయడం, ఆ తర్వాత మనిషికి తాను ఎక్కడున్నదీ మళ్లీ మళ్లీ గుర్తుచేయడం.

గురువారం డయాలసిస్ మధ్యలో లేచి కూర్చుని కేథటర్ వైపు చెయ్యి చాపారు. రక్తం నిమిషానికి 250 మిల్లీలీటర్ల వేగంతో తిరుగుతున్నప్పుడు లైను ఊడితే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోవచ్చు, ఒక్కోసారి మిషన్ అలారం కూడా మోగదు. ఆ నాలుగు గంటలూ ఒక టెక్నీషియన్ ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇంకో పని పెట్టుకోలేదు. నోట్‌బుక్ చేతికిచ్చాడు. రాయలేదు గానీ, దాన్ని పట్టుకుని ఉన్నంతసేపు చెయ్యి కేథటర్ వైపు వెళ్లలేదు.

"నాకొద్దు" అన్న మాట

ఆ గురువారం ఉదయమే, తాత్కాలిక కేథటర్ పెట్టడానికి ముందు, ఒక కష్టమైన ప్రశ్న ఎదురైంది. ముందురోజు రాత్రి ఆవిడ పదేపదే "నాకొద్దు ఈ డయాలసిస్. ఆపేయండి. నన్ను వదిలేయండి" అన్నారు. జూనియర్ డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "పేషెంట్ వద్దంటున్నారు కదా, మనం చేయొచ్చా?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగినందుకు నాకు గౌరవం కలిగింది. డయాలసిస్ ఆపుకునే హక్కు పేషెంట్‌కు ఉంది. అలా ఆపమన్న కొందరి నిర్ణయాన్ని నేను గౌరవించాను, చివరిదాకా వాళ్ల పక్కన ఉన్నాను.

కానీ నిర్ణయం చెప్పాలంటే విషయం అర్థం కావాలి, కాసేపైనా మనసులో నిలవాలి, ఒకదానితో ఒకటి పోల్చుకోగలగాలి. మంచం దగ్గరికి వెళ్లి కూర్చుని, "డయాలసిస్ ఆపితే ఏమవుతుందో చెప్పగలరా?" అని అడిగాను. "బడికి టైమవుతోంది" అన్నారు. పావుగంట తర్వాత మళ్లీ అడిగితే నేనెవరో గుర్తులేదు. మూడేళ్లలో ఒక్క డయాలసిస్ మానని మనిషి, ప్రతి గ్రామూ రాసుకున్న మనిషి. పైగా ఇది కొన్ని రోజుల్లో తగ్గే జబ్బు. కూతురితో, కొడుకుతో మాట్లాడి, ఇప్పటికి చికిత్స చేద్దాం, తెలివి వచ్చాక ఆవిడనే అడుగుదాం అనుకున్నాం. కేస్ షీట్‌లో కారణాలన్నీ రాశాం.

శనివారానికి 4ఏటీ స్కోరు 5కు, సోమవారానికి 1కి తగ్గింది. సోమవారం సాయంత్రం అడిగాను. "నేనా? ఎప్పుడన్నాను?" అని ఆశ్చర్యపోయారు. కాసేపు ఆగి, "నిజంగా నాకు తెలివి లేకుండా పోయి, తిరిగి రాదని మీకు తెలిస్తే మాత్రం లాగొద్దు. ఇప్పుడు మాత్రం కావాలి" అన్నారు. ఆ మాటలు కూతురి ముందే కేస్ షీట్‌లో రాయించాను. మూడేళ్లలో ఎప్పుడూ జరగని సంభాషణ అది. ప్రతి డయాలసిస్ పేషెంట్‌తోనూ ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడే జరగాలి.

ఇంటికి వెళ్లాక

గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్ పాకలేదు. తర్వాతి కల్చర్లు క్లియర్‌గా వచ్చాయి. 16 రోజులకు ఇంటికి పంపాం. యాంటీబయాటిక్ మొత్తం ఆరు వారాలు. డిశ్చార్జి కాగితంలో నేను స్వయంగా రాసిన పదం "కోలుకున్నారు".

మూడో వారంలో బాత్‌రూమ్‌లో పడ్డారు, మణికట్టు విరిగింది. ఐదో వారంలో ఉదయం ఇన్సులిన్ వేసుకున్న సంగతి మరిచిపోయి రెండోసారి వేసుకున్నారు. షుగర్ 48తో ఎమర్జెన్సీకి తెచ్చారు. ఇరవై ఏళ్లుగా తన ఇన్సులిన్ తానే వేసుకున్న మనిషి.

డెలీరియం తగ్గింది అంటే అంతా పోయినట్టు కాదని చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఆస్పత్రిలో డెలీరియం వచ్చినవాళ్లు ఎక్కువ రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వస్తుంది, మళ్లీ అడ్మిట్ అయ్యే అవకాశం, మరణించే అవకాశం ఎక్కువ, తర్వాతి కాలంలో మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం కూడా ఎక్కువ. అందులో కొంత భాగం, అప్పటికే బలహీనంగా ఉన్నవాళ్లకే డెలీరియం రావడం వల్ల. మిగతా భాగం డెలీరియం చేసే నష్టమే కావచ్చు. డయాలసిస్ పేషెంట్లకు ఈ నష్టం రెట్టింపుగా తగులుతుంది, ఎందుకంటే వాళ్ల బతుకు వాళ్ల జ్ఞాపకం మీద నడుస్తుంది. ఎంత నీళ్లు తాగాలి, ఏ మాత్ర భోజనంతో వేసుకోవాలి, పొటాషియం ఉన్నవి ఏవి, ఏ రోజు రావాలి. ఇందులో ఒక్కటి జారితే మళ్లీ ఆస్పత్రే.

మూడో నెలలో జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే మోకా పరీక్ష చేశాం, డయాలసిస్ లేని రోజున. డయాలసిస్ జరుగుతుండగా చేస్తే మెదడు పనితీరు ఉన్నదాని కంటే తక్కువగా కనిపిస్తుంది. 30కి 20 వచ్చింది. ఆరో నెలలో 22. అంతకుముందు ఎంత ఉండేదో చెప్పలేను, ఎందుకంటే మూడేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు. నెలనెలా హిమోగ్లోబిన్, ఫాస్ఫరస్, పీటీహెచ్ చూశాం. లెక్కల టీచర్ మెదడును చూడలేదు.

ఒక రోజు డయాలసిస్ మధ్యలో నన్ను పిలిచి గొంతు తగ్గించి, "అప్పుడు నేను ఎవర్నైనా తప్పుగా తిట్టానా?" అని అడిగారు. గోడ మీద అంకెలు చెరిపేసిన మనిషి ఆవిడకు ఇంకా గుర్తున్నాడు. ఎవరికీ చెప్పలేదట, పిచ్చి అనుకుంటారని. అది జబ్బు చేసిన పని, మందులు చేసిన పని, మీ మనసులోది కాదు అని చెప్పాను. కూతురిని కూడా పిలిచి చెప్పాను. ఈ మాట డిశ్చార్జి రోజే చెప్పాల్సింది. చాలామంది పేషెంట్లు ఆ భయాన్నీ ఆ సిగ్గునూ నెలల తరబడి ఒంటరిగా మోస్తారు.

యూనిట్‌లో మార్చుకున్నవి

డయాలసిస్ చార్టులో బీపీ, బరువు పక్కన ఒక గడి పెట్టాం: "ఇవాళ మనిషి ఎప్పటిలా ఉన్నారా?" టెక్నీషియన్ నింపుతాడు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు పేషెంట్‌ను చూసేది అతనే. తేడా ఉందంటే 4ఏటీ చేస్తాం, షుగర్ చూస్తాం, మందుల చార్టు తెరుస్తాం. ఆ తర్వాతే యూరియా మాట. వయసు పైబడిన ప్రతి పేషెంట్‌కూ ఏడాదికోసారి మోకా చేసి పెడుతున్నాం.

ఇంట్లోని మందుల సంచి నెలకోసారి తెప్పించి టేబుల్ మీద బోర్లిస్తాం. వెతికేవి ముఖ్యంగా గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎక్కిళ్లకో కండరాల పట్టుకో ఇచ్చే బాక్లోఫెన్, హెర్పిస్‌కు ఇచ్చే ఎసైక్లోవిర్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు. బాక్లోఫెన్ రెండు మూడు మాత్రలతోనే స్పృహ తప్పిన డయాలసిస్ పేషెంట్‌ను నేను చూశాను. మా పేషెంట్ ఏ వార్డులో చేరినా ఆ రోజే డోసులన్నీ మా యూనిట్ చూడాలని ఏర్పాటు చేసుకున్నాం. శని, ఆదివారాలు కూడా.

ఆవిడ ఇప్పటికీ వస్తున్నారు. కొత్త ఫిస్టులా పనిచేస్తోంది. ఇన్సులిన్ కూతురు వేస్తుంది. నోట్‌బుక్ మాత్రం ఎవరికీ ఇవ్వరు. తీసివేతలో అప్పుడప్పుడు తప్పు వస్తుంది. టెక్నీషియన్ వేలితో చూపిస్తే కొట్టేసి మళ్లీ రాస్తారు. మొదటి పేజీలో ఈమధ్య పెద్ద అక్షరాలతో రెండు మందుల పేర్లు రాసుకున్నారు. వాటి కింద: "నా కిడ్నీలు పనిచేయవు. ఇవి ఇచ్చే ముందు డోసు చూడండి." కొత్త డాక్టర్ ఎవరు వచ్చినా, నోరు తెరవకముందే ఆ పేజీ తీసి చూపిస్తారు.